డోర్నకల్ జంక్షన్ - గూడెం దిక్కు నుంచి

మా ఊరికి కోట లేదు. రాజు లేడు. శాసనం చూపించి గొప్ప చెప్పుకునే గుడి గోపురం లేదు. అందుకే చరిత్ర పుస్తకాల్లో డోర్నకల్ అనే పేరు రెండు చోట్లే కనబడుతుంది. ఒకటి రైలు మార్గాల పటంలో, రెండోది క్రైస్తవ సంఘ చరిత్రలో. రెండు చోట్లా కంపెనీల పేర్లుంటాయి, దొరల పేర్లుంటాయి, బిషప్పుల పేర్లుంటాయి. కట్ట పోసినోడి పేరుండదు. బొగ్గు మోసినదాని పేరుండదు. ఆదివారం గుడి నిండా కూర్చున్న మాలమాదిగల పేర్లుండవు. లెక్కలో మాత్రం ఉంటరు, 'ఇంతమంది' అని. ఆ 'ఇంతమంది'లో మా తాత ఒకడు, మా అవ్వ ఒకతె. వాళ్ల దిక్కు నుంచి చూస్తే ఈ ఊరి చరిత్ర ఎట్లుంటదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఊరెక్కడుందో చెప్పాలె. కాజీపేట నుంచి బెజవాడ పోయే రైలెక్కితే వరంగల్, నెక్కొండ, కేసముద్రం, మహబూబాబాద్, గార్ల దాటినాక డోర్నకల్ వస్తుంది. అక్కడి నుంచి ఖమ్మం పాతిక కిలోమీటర్ల లోపే. మహబూబాబాద్‌ను మా పెద్దలు ఇప్పటికీ మానుకోట అనే అంటరు. డోర్నకల్‌లో పట్టాలు చీలతాయి. ఒక దారి ఖమ్మం మీదుగా బెజవాడకు పోతుంది. ఇంకోటి కారేపల్లి దిక్కు తిరిగి బొగ్గు గనుల్లోకి పోతుంది. ఈ చీలికే మా ఊరు. అది లేకపోతే ఇది కూడా చుట్టుపక్కల పల్లెల్లో ఒక పల్లె. మున్నేరు, ఆకేరు ఈ నేల మీద పారే ఏర్లు, రెండిటి నీళ్లూ చివరికి కృష్ణలో కలిసేవే. చెలక భూములు, అక్కడక్కడ నల్లరేగడి, మిరప, పత్తి. చుట్టూ లంబాడీ తండాలు. తూర్పుకు పోతే అడవి, కోయ గూడేలు. ఇదీ మా భూగోళం. ఇందులో మాలమాదిగ గూడెం ఎక్కడుంటదో చెప్పక్కర్లేదు. అన్ని ఊళ్లలో ఎక్కడుంటదో ఇక్కడా అక్కడే.

రైలు ఎవరి కోసం వచ్చింది? మా కోసం రాలేదు. సికింద్రాబాద్‌లో ఇంగ్లీషు సైన్యం ఉంది. వాడి నుంచి సికింద్రాబాద్ దాకా మొదటి దారి 1874లో పడింది. తర్వాత దాన్ని తూర్పుకు పొడిగించాలన్న ఆలోచన వచ్చింది. ఆ పథకాన్ని చాందా రైల్వే పథకం అన్నారు. దాని షరతులేంటో ప్రజలకు చెప్పమని అడిగిన పాపానికి 1883లో సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయను హైదరాబాదు రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. అడిగినోళ్లంతా చదువుకున్న పెద్దమనుషులు. వాళ్లకే ఆ గతి పట్టినప్పుడు భూమి పోయినోడిని, కట్ట మీద మట్టి మోసినోడిని అడిగిందెవరు?

ఆ కంపెనీ పేరే 'నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే'. గ్యారంటీ అంటే ఏంటిదో విద్యార్థులు గమనించాలి. లండన్‌లో షేర్లు కొన్నవాడికి నష్టం వచ్చినా వడ్డీ ఆగదు, నిజాం ఖజానా కడుతుంది. ఖజానా ఎక్కడ నుంచి నిండుతుంది? రైతు కట్టే శిస్తు నుంచి. ఆ శిస్తు ఏ చేతుల కష్టం? పొలంలో జీతమున్న మాలమాదిగల కష్టం. లండన్ షేర్‌దారుడికి గ్యారంటీ ఉంది. జీతగాడికి మాత్రం పొద్దుటి అంబలికి కూడా గ్యారంటీ లేదు.

1886లో రైలు వరంగల్ చేరింది. 1888కి డోర్నకల్ మీదుగా సింగరేణి బొగ్గు దగ్గరకు పోయింది. 1889లో బెజవాడ ముట్టింది. అంటే మూడేళ్లలో అడవులు, ఏర్లు దాటుకొని అంత పొడుగు కట్ట లేచింది. మర యంత్రాలతో కాదు, పారతోటి, తట్టతోటి. మట్టిపని వడ్డెరలది. కంకర కొట్టడం, స్లీపర్ మొద్దులు మోయడం, కట్ట తొక్కడం దొరికినోళ్లందరిది. మా తాత చెప్పేటోడు: "మా అయ్య ఒక్క ఎండకాలం కట్ట మీద పనిజేసిండు బిడ్డా. పొద్దుగూకంగ పైసలు చేతిల పెట్టిన్రట. ఆ పైసలు చూసి మా అయ్య ఏడ్సిండట." ఎందుకేడ్చిండని చిన్నప్పుడు నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అప్పటిదాకా వాళ్లు చేసిందంతా వెట్టి. దొర గడీకి కట్టెలు మోయాలి, చెప్పులు కుట్టియ్యాలి, అధికారి వస్తే మూట నెత్తిన పెట్టుకొని ముందల ఉరకాలి, చచ్చిన గొడ్డును ఈడ్చాలి. వీటికి కూలి అనే మాటే లేదు. చేసిన పనికి పైస వస్తుందనే సంగతి మా వంశంలో మొదటిసారి ఆ రైలు కట్ట మీద తెలిసింది.

అందుకని రైలును దేవుణ్ణి చేసి మొక్కమని నేననను. అదే రైలు లంబాడీల నోటికాడి కూడు తీసింది. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగిన వ్యాపారం వాళ్లది. గూడ్సు బండి వచ్చినాక ఎడ్ల బిడారు ఎవరికి కావాలి? దారి మీద బతికిన మనుషులు తండాల్లో పాతుకుపోయి, అడవి కొట్టి చెలకలు చేసుకున్నారు. ఆ చెలకలను మళ్లీ దొరలు, షావుకార్లు గుంజుకున్నారు. తెలంగాణలో లంబాడీలను షెడ్యూల్డు తెగల్లో చేర్చింది 1976లో. రైలు వచ్చిన తొంభై ఏళ్లకు ఆ మాత్రం గుర్తింపు.

ఇక బొగ్గు. 1870ల మొదట్లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని తేల్చాడు. జనం చెప్పుకునే కథ వేరే ఉంది. భద్రాచలం పోయే యాత్రికులు అన్నం వండుకోవడానికి మూడు నల్లరాళ్లు పొయ్యిగా పెడితే, ఆ రాళ్లే అంటుకున్నాయట. కథ బాగుంది. కానీ ఆ అడవిలో తరతరాలుగా ఉన్న కోయవాళ్లు ఆ రాళ్లను చూడలేదా? దారినపోయే యాత్రికుడు చూస్తేనే 'కనిపెట్టినట్టు', అక్కడున్నోడు చూస్తే లెక్కలోకి రాదు. చరిత్ర రాసే పద్ధతే అది.

1886లో తవ్వకం హక్కులు లండన్‌లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి పోయినై. షేర్లలో జరిగిన మోసం మీద 1888లో ఇంగ్లండు పార్లమెంటు కమిటీ విచారణ కూడా జరిపింది. విచారణ షేర్ల గురించే, గనిలో దిగినోళ్ల గురించి కాదు. ఇల్లెందులో తీసిన బొగ్గుకు, దగ్గరి పల్లె పేరు మీద 'సింగరేణి' అని పేరు పడింది. 1920లో కంపెనీయే సింగరేణి కాలరీస్ అయింది. తర్వాత గనులు కొత్తగూడెం దిక్కు జరిగాయి, రైలూ కారేపల్లి నుంచి అటు జరిగింది. కొత్తగూడెం స్టేషన్‌కు 'భద్రాచలం రోడ్' అని పేరు పెట్టారు. భద్రాచలం అక్కడికి నలభై కిలోమీటర్లు, మధ్యలో గోదావరి అడ్డం. బొగ్గు తవ్వినోళ్ల పేరు కాదు, మొక్కు తీర్చుకోబోయేవాళ్ల దేవుడి పేరు పెట్టుకున్నారు. స్టేషన్ బోర్డు చదవడం కూడా చరిత్ర చదవడమే.

గనిలోకి ఎవరు దిగారు? పల్లె నుంచి పారిపోయినోళ్లు. జీతం ఒడవనోళ్లు, అప్పు తీరనోళ్లు, దొర మీద ఎదురు మాట్లాడినోళ్లు. రాత్రికి రాత్రి డోర్నకల్ చేరి బొగ్గు బండి ఎక్కితే తెల్లారేసరికి దొర చేతికి అందని చోట ఉండేటోళ్లు. మా ఇంట్లోనే ఇద్దరు అట్ల పోయిన్రు. ఒకాయన కొత్త బట్టలేసుకొని తిరిగొచ్చిండు. ఒకాయన రాలేదు. గని లోపల చీకట్లో కులం కనబడదని అంటరు. పైకొచ్చినాక కనబడేది. వరుస ఇళ్లలో ఎవరి వరుస వాళ్లదే.

రైలు పెట్టెలో కూడా అంతే. మూడో తరగతి టికెట్టు కొన్నోడిని లేవమనడానికి కరణానికి హక్కు లేదు. ఆ పెట్టెలో మా తాత బాపనాయన పక్కన కూర్చున్నడు. ఊళ్లో బతికినన్నాళ్లూ అంత దగ్గర నిలబడనన్నా నిలబడలేదు. ఇది చిన్న సంగతి కాదు. కానీ దాహమైతే? ఆ రోజుల్లో దేశంలోని చాలా స్టేషన్లలో హిందువులకు ఒక కుండ, ముసల్మానులకు ఒక కుండ. మాది ఏ కుండ? "మూతి తడారిపోయినా ఊరు వచ్చేదాక ఓపిక పట్టేది" అని అవ్వ అనేది. టికెట్టు కొన్నోళ్లమే గానీ నీళ్లలో మాకు వాటా లేకపోయింది.

ఇంక మా ఊరికి దేశంలో పేరు తెచ్చిన సంగతికి వస్తాను. తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో తమ డబ్బుతో, తమ మనుషులతో నడిచే మిషనరీ సంఘం పెట్టుకున్నారు. వాళ్లు పనికి ఎంచుకున్న చోటు డోర్నకల్ ప్రాంతం. ఆ సంఘాన్ని నిలబెట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో స్వయంగా ఇక్కడికి వచ్చాడు. 1874లో వెళ్లాళన్‌విళై అనే పల్లెలో, నాడార్ కుటుంబంలో పుట్టినవాడు. నాడార్లు అంటే గుడి మెట్టు ఎక్కనియ్యని కులం. ఆడవాళ్లు రొమ్ము మీద గుడ్డ వేసుకోవడానికి తిరువాన్కూరులో ఏళ్ల తరబడి కొట్లాడిన కులం. ఈ వివరం చెప్పకుండా అజరయ్య గొప్పతనం చెప్పేవాళ్లు సగమే చెబుతున్నారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన తెల్ల మిషనరీల ముఖం మీదే అడిగాడు: మీరు మాకు ప్రాణాలిచ్చారు, ఆస్తులిచ్చారు, స్నేహం ఎందుకివ్వలేదు అని. ఆయన అడిగిన ఆ ప్రశ్నే మనం ఈ దేశంలో ప్రతి పై కులపు మిత్రుణ్ణీ అడుగుతున్నాం.

1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన్ను బిషప్ చేశారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. ఆయన పీఠం డోర్నకల్. అంటే కలకత్తా, మద్రాసు, బొంబాయిల వరసలో ఒక రైలు జంక్షన్ పేరు చేరింది. చేరింది ఎవరి వల్ల? గుంపులు గుంపులుగా గూడేల నుంచి కదిలివచ్చిన మాలమాదిగల వల్ల. ఆయన కాలంలోనే ఈ డయోసిస్ రెండు లక్షలు దాటింది. బళ్లు వచ్చాయి, హాస్టళ్లు వచ్చాయి, అచ్చు ప్రెస్సు వచ్చింది, గురువులకు చదువు చెప్పే బడి వచ్చింది. సారా మానమన్నారు, చచ్చిన గొడ్డు మాంసం మానమన్నారు, ఆడపిల్లను బడికి పంపమన్నారు. 1930ల నాటికి గూడేల్లో వచ్చిన మార్పు చూసి కొంతమంది శూద్ర కులాల వాళ్లూ వచ్చి చేరారు. మాలమాదిగలను చూసి ఇంకొకరు నేర్చుకోవడం ఈ నేల మీద అంతకుముందు ఎప్పుడైనా జరిగిందా?

1939 జనవరి 6న ప్రతిష్ఠ చేసిన ఎపిఫనీ కెథెడ్రల్‌ను మీరు వచ్చి చూడాలి. గుమ్మటాలు చూస్తే మసీదు యాదికొస్తుంది, స్తంభాలు చూస్తే గుడి యాదికొస్తుంది, లోపల సిలువ. పండితులు దాన్ని సమన్వయ శిల్పం అంటారు. మా అవ్వ మాట వేరే: "మనల్ని ఏ గుడిలకు రానియ్యకపోతిరి. గందుకే అన్ని గుళ్లు కలిపి ఒక్క దగ్గర కట్టుకున్నం."

అయితే అంతా బాగుందని రాస్తే అది చరిత్ర కాదు, కీర్తన అవుతుంది. క్రీస్తు ముందర కులం లేదని ప్రసంగం విన్న మనుషులే గుడి బయటికొచ్చి మాల సంఘం, మాదిగ సంఘం అని చీలిన పల్లెలు నేను చూశాను. ఆయన బతికినన్నాళ్లూ అజరయ్య దీనితో పోట్లాడాడు. పోట్లాట పూర్తి కాలేదు. పాత బతుకు వదలమన్నప్పుడు కొన్ని గూడేల్లో డప్పు కూడా మూలకు పడింది. చావు డప్పు, వెట్టి డప్పు మానడం న్యాయమే. కానీ ఆ చేతుల్లోని విద్య ఏం పాపం చేసింది? దాన్ని మళ్లీ భుజానికెత్తుకొని తిరగడానికి మాకు 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా దాకా పట్టింది.

1936, 37లలో గాంధీ ఈ సామూహిక మతమార్పిడులను గట్టిగా విమర్శించాడు. హరిజనులు ఆలోచించి మతం మారరు, వాళ్లను ఎవరో మారుస్తారు అనే ధోరణి ఆ విమర్శలో ఉంది. అజరయ్య దాన్ని ఒప్పుకోలేదు. అంతకు ముందే, 1935లో యేవలాలో అంబేద్కర్ తాను హిందువుగా చావనని ప్రకటించి ఉన్నాడు. అయినా అజరయ్య, అంబేద్కర్ దారులు ఒకటి కాదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నాడు అజరయ్య. వాటితో సంఘం ఒక ఓట్ల కులంగా మిగిలిపోతుందని ఆయన భయం. అధికారం లేనిదే ఆత్మగౌరవం నిలవదని అంబేద్కర్ పట్టు. ఈ రెండు మాటల నడుమ నలిగింది మేము. ఎట్లనో చెబుతాను.

అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశాడు. అయిదేళ్లు తిరిగేసరికి 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడన్నది దాని మూడో పేరా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను, ముస్లింలను ఇప్పటికీ కలపలేదు. మా రాష్ట్రంలో మమ్మల్ని బి.సి.-సి గ్రూపులో వేసి ఒక్క శాతం పడేశారు. మాదిగవాడలో ఒకే గోడకు రెండు ఇళ్లు. ఈ ఇంటోడు మాదిగ, ఆ ఇంటోడు బి.సి. దొరకు తెలవదు ఈ తేడా. కొట్టేటప్పుడు ఇద్దర్నీ కొడతడు. హోటల్లో గ్లాసు ఇద్దరికీ వేరే పెడతడు.

డిగ్రీలో చేరేటప్పుడు వేరే పట్నంలో ఒక ఆఫీసులో బల్ల ముందర నిలబడ్డాను. నా పేరులో బైబిలు పేరు చూసి గుమాస్తా నవ్విండు. "నువ్వెట్ల మాదిగవైతవు? సర్టిఫికెట్ కావాల్నా, దేవుడు కావాల్నా తేల్చుకొని రాపో" అన్నడు. నా వెనక నా ఈడు పిల్లలు వరుసలో ఉన్నరు, అందరూ విన్నరు. నాకు హాస్టల్ సీటు రాలేదు. ఆ ఏడాది నాయిన జీతంలో సగం నా గది అద్దెకు, తిండికి పోయింది, చెల్లె చదువు బందయింది. ఒక ఉత్తర్వులోని ఒక పేరా మా ఇంట్లో ఎంత దూరం వచ్చిందో చూడండి. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో సంబంధం లేకుండా హోదా ఇవ్వమని చెప్పింది. 2022లో మళ్లీ జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2024 ఆగస్టు 1న వర్గీకరణకు సుప్రీంకోర్టు దారి ఇచ్చింది, 2025లో తెలంగాణలో చట్టమూ వచ్చింది. ముప్ఫై ఏళ్ల దండోరా గెలిచింది, సంతోషమే. ఆ గెలుపులో మాదిగ క్రైస్తవుడికి పంక్తి ఏదీ? వాడు ఇంకా పట్టాల అవతలే.

నాయిన గ్యాంగ్‌మన్. గడ్డపార, సుత్తె, పట్టాల కింద కంకర కుక్కే బీటర్, ఎర్రజెండా, పచ్చజెండా - ఇవీ ఆయన ఆస్తి. ఎండకు పట్టా సాగుతుంది, చలికి ముడుచుకొని విరుగుతుంది. అందుకే చలికాలం రాత్రుళ్లు లాంతరు పట్టుకొని నడవాలి. పైన పోయే మంత్రికి, పెళ్లివారికి కింద నడిచినోడు కనబడడు. 1929లో కాజీపేట - బల్లార్షా దారి కలిసినాక మా ఊరి మీది దారి ఢిల్లీ - మద్రాసు రాజమార్గమైంది. దేశం మొత్తం మా నాయిన బిగించిన చీలల మీదుగా పోయింది. 1974 మే 8న దేశమంతా రైల్వే సమ్మె మొదలైనప్పుడు మొదటిసారి బండ్లు ఆగినై. ఇరవై రోజులు. "గప్పుడు తెలిసింది బిడ్డా, ఇంజన్ నడిపించేది బొగ్గు గాదు, మనమే అని" అనేటోడు నాయిన.

బొగ్గు ఇంజన్ల కాలంలో మా ఆడవాళ్లు పట్టాల పక్క రాలిన కచ్చబొగ్గు ఏరి, గంపలకెత్తి, ఇళ్లకూ హోటళ్లకూ అమ్మేటోళ్లు. 1980లలో ఈ దారికి కరెంటు తీగలు వచ్చాయి. దాన్ని అభివృద్ధి అన్నారు, నిజమే. మా అవ్వ గంప మాత్రం అటక మీదికి పోయింది. ఆమె అడిగిన పరిహారమూ లేదు, ఆమెను లెక్కపెట్టినోడూ లేడు.

ఇంకొక పని గురించి రాయడానికి నాకే నోరు రాదు, కానీ రాయాలి. పెట్టెల కింద తెరిచి ఉన్న మరుగుదొడ్ల నుంచి పట్టాల మీద పడ్డ మలాన్ని ఈ దేశంలో ఏ కులం ఎత్తింది? చేతులతో మలమెత్తించడాన్ని 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం నేరమన్నాయి. పెట్టెల్లో బయో టాయిలెట్లు పెద్ద ఎత్తున వచ్చింది ఆ తర్వాతే. వందేళ్లకు పైగా పెట్టె కట్టినోడికి ఆ తొట్టి ఆలోచన ఎందుకు రాలేదు? ఎత్తే మనిషి ఉన్నాడు గనుక. యంత్రం కంటే కులం చవక.

రైల్వే పేరు మారుతూ వచ్చింది. 1930లో కంపెనీ నుంచి నిజాం ప్రభుత్వానికి, 1951లో సెంట్రల్ రైల్వేకు, 1966 నుంచి దక్షిణ మధ్య రైల్వేకు. జిల్లా మారింది. 2016 దాకా వరంగల్, ఇప్పుడు మహబూబాబాద్. కట్ట కింది మనిషి మారలేదు. 2024 సెప్టెంబర్ మొదట్లో వానలకు ఇంటికన్నె, కేసముద్రం మధ్య కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఆ బొమ్మ అన్ని పేపర్లలో వచ్చింది. కొద్దిరోజుల్లోనే మళ్లీ రైళ్లు నడిచాయి. వానలో, బురదలో రాత్రింబవళ్లు రాళ్లు, ఇసుక బస్తాలు మోసిన వందల మంది కూలీలలో ఒక్కరి పేరన్నా మీకు తెలుసా? 1888లో మా ముత్తాత పేరు రాయనోళ్లు 2024లో వీళ్ల పేర్లూ రాయలేదు.

చదువుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. మీ ఊరి స్టేషన్‌ను ఎవరు కట్టిన్రని గూగుల్‌ను అడిగితే కంపెనీ పేరు చెబుతుంది. గూడెంల ముసలోళ్లను అడగండి. కట్ట ఎవరు పోసిన్రు, బావి ఎవరు తవ్విన్రు, ఎవరు బండెక్కి పారిపోయిన్రు, ఎవరు తిరిగి రాలేదు, గుడిలో ఎవరు ఎక్కడ కూర్చున్నరు, సర్టిఫికెట్‌లో ఏం రాసిన్రు - అన్నీ అడిగి రాసి పెట్టండి. వాళ్లు ఒక్కొక్కరే పోతున్నరు. వాళ్లు పోయినంక మన చరిత్ర మళ్లీ 'ఇంతమంది' అనే లెక్క దగ్గరే ఆగుతది.